యాభై అంటే ముప్పై అయిదట

మా అమ్మాయి కెమెరాకి బూజు పట్టింది. పైన కాదు, కంటి లోపల. లెన్సు అద్దం వెనక సాలెపురుగు గూడు అల్లినట్టు తెల్లటి పోగులు. సముద్రం పక్కన ఇల్లు, ఉప్పుగాలి, తేమ. మా పేటలో తలుపు గడియలే తుప్పు పట్టి రాలిపోతాయి, అద్దం ఒక లెక్కా?

మధురవాడలో ఉద్యోగం వచ్చిన కొత్తలో మోజుపడి కొనుక్కుంది. తరవాత మంచి ఫోను కొంది, దీన్ని మా బీరువాలో చీరల కింద పడేసింది. వానలు తగ్గాక తీసి చూస్తే ఇదీ సంగతి. పారెయ్యమంది. నేను పారెయ్యలేదు. పెట్టె బాగానే ఉంది, పోయింది కన్నొక్కటే. నా కుడి కంటికి శుక్లం తీసి కొత్త అద్దం పెట్టారు, దీనికి పెట్టరా? అని అడిగితే పెడతారంది. పాత లెన్సు తిప్పి ఊడదీసి కొత్తది తగిలించుకోవడమేనట.

కెమెరా నాకెందుకు? నా తోటికోడలి కోసం.

మా మరిది భార్య. గోడకి ఇటు నేను, అటు ఆమె. ఒకే ఇసకలో చేపలు ఆరబెట్టుకున్నాం, ఒకే ఆటోలో తట్టలేసుకుని గోపాలపట్నం మార్కెట్టుకి వెళ్ళాం. ఆమెతో పోట్లాడినంత నా మొగుడితో కూడా పోట్లాడలేదు. మరిదికి నడుం పట్టేసి వేటకి వెళ్ళడం మానేశాడు. కొడుకు సబ్బవరం దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని, అమ్మానాన్నల్ని వచ్చి ఉండమన్నాడు. దసరా వెళ్ళాక మంచిరోజు చూసుకుని పాలు పొంగిద్దామనుకున్నారు. వెళ్తే వెళ్ళనీ, మంచిదే. కానీ గోడకవతల మనిషి ఉండదు. నా దగ్గర ఆమె ఫోటో సరైనది ఒక్కటి కూడా లేదు.

ఉన్నవన్నీ ఫోన్లో తీసినవి. ఏది చూపించినా ఒకటే మాట. "ఇది నాను కాదు. నా ముక్కు ఇలగ దుబ్బలాగుంటదేటి?" అని తుడిపించేస్తుంది. ఆధార్ కార్డు మీద బొమ్మనైతే వేలు అడ్డం పెట్టి చూపిస్తుంది. నాకు ఒళ్ళు మండేది. మొహం ఎలా ఉంటే ఫోటో అలా వస్తుంది, కొత్త మొహం ఎక్కడినుంచి తెస్తారు?

కెమెరా బాగుచేయించి నీ ఫోటో తీస్తానంటే నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"నా ఫోటో ఎందుకప్పా నీకు? దండెయ్యడానికా?"

"దండేటే, దండగ. సేపల కాడ కడతాను. కాకులు రాకుండా ఉంటాయి."

"నీ ఫోటో కట్టుకో, గెద్దలు కూడా రావు."

ఆమె నన్ను అప్పా అనే, అంటే అక్కా అనే పిలుస్తుంది, తిట్టినా సరే.

ఏ లెన్సు కొనాలో అమ్మాయి ఫోనుకి రాసి పంపింది. నాకు చదువు ఆలస్యంగా వచ్చింది. మా పొదుపు సంఘంలో సంతకాల కోసం మొదలెట్టిన రాత్రి బడిలో, అమ్మాయి పదో తరగతిలో ఉండగా నేను అ ఆ లు దిద్దాను. ఇప్పుడు పేపరు చదువుతాను, ఇలాంటివి రాస్తాను కూడా. కానీ ఏత్వానికీ ఐత్వానికీ తేడా ఇప్పటికీ కంటికి ఆనదు, చిన్న అక్షరాలైతే మరీను. అది రాసింది ఇది: "స్టాండర్డ్ ప్రైమ్ లెన్స్ అని అడుగు. యాభై తీసుకో, మొహాలు బాగొస్తాయి." స్టాండర్డ్ అంటే గట్టి సరుకు అనుకున్నాను. రెండో మాట నేను చదివినట్టే చదివాను.

జగదాంబ సెంటర్లో కెమెరాల దుకాణానికి వెళ్ళాం. నా తోటికోడలు కొత్తింటికి కర్టెన్లు కొనాలని నాతో వచ్చింది, ముందు అవి కొన్నాం. దుకాణంలో నడివయసు మనిషి, కళ్ళజోడు నెత్తిమీదకి ఎత్తి పెట్టుకున్నాడు.

"ఏం కావాలి మామ్మగారూ?"

"మామ్మేటి, నీకంటే నాలుగేళ్ళు పెద్దుంటాను. ప్రేమ లెన్సు కావాలి. స్టాండర్డుది."

ఆయన నోరు తెరిచాడు. పక్కన నా తోటికోడలు కర్టెన్ల సంచీ కింద పడేసింది. "ఓలమ్మో! ఈ వయసులో నీకు ప్రేమేటే అప్పా! అదీ స్టాండర్డుది!"

కొట్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఫోను ఆయన చేతిలో పెట్టాను. చదివి, నవ్వు మింగి, "ప్రైమ్ అండీ. అంటే జూమ్ ఉండదు. ఒకటే దూరం" అన్నాడు.

"దగ్గరగా కావాలంటే?"

"మీరు ముందుకు నడవాలి."

"దూరంగా కావాలంటే?"

"వెనక్కి నడవాలి."

"డబ్బులూ నానే ఇచ్చి, నడక కూడా నానే నడవాలా? పాత బూజు లెన్సే తిప్పితే ముందుకీ వెనక్కీ పోయేది గదా."

"కానీ ఇది చాలా క్లియర్‌గా వస్తుందమ్మా. చీకటి గదిలో కూడా" అన్నాడు. పోనీలే అనుకుని యాభై ఇమ్మన్నాను. అప్పుడు మొదలైంది అసలు గొడవ.

కెమెరా అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు కదా, "దీనిలో సెన్సార్ చిన్నదమ్మా. బొమ్మ పడే పలక. దీనికి యాభై తగిలిస్తే డెబ్బై అయిదులా చూపిస్తుంది. మీకు యాభైలా కావాలంటే ముప్పై అయిదు తీసుకోవాలి."

నేను లెన్సు చేతిలోకి తీసుకుని చుట్టూ రాసింది చదివాను. అయిదు, సున్నా. అంకెలు నాకు తప్పవు. "ఇక్కడ యాభై అని రాసుంది గదా."

"అది యాభయ్యే."

"మరి డెబ్బై అయిదంటావు."

"మీ కెమెరాలో డెబ్బై అయిదు."

"అయితే యాభై కావాలంటే ముప్పై అయిదు కొనాలి."

"కరెక్ట్."

"ముప్పై అయిదు మీద యాభై అని రాయడానికి వాళ్ళకేటి రోగం?"

ఆయన కళ్ళజోడు కిందకి దించుకుని ఒక కాగితం మీద పెద్ద డబ్బా, అందులో చిన్న డబ్బా గీసి చూపించాడు. పెద్ద డబ్బాలో చెట్టంతా ఉంది, చిన్న డబ్బాలో కొమ్మే ఉంది. కొంచెం అర్థమైనట్టే ఉండి మళ్ళీ పోయింది. లెన్సు మీద ఒకటి పాయింటు ఎనిమిది అని ఇంకో అంకె ఉంటే అదేమిటన్నాను. అది లోపలి కంత. ఆ అంకె తగ్గితే కంత పెద్దదవుతుందట, వెలుతురు ఎక్కువ వస్తుందట. ఇక నేను అంకెల జోలికి పోలేదు.

అమ్మాయికి ఫోన్ చేస్తే ఆఫీసులో ఉన్నానంటూనే, "యాభై తీసుకోమన్నాను కదమ్మా" అంది. ఈయన, "ముప్పై అయిదే అసలు స్టాండర్డు. మనిషి కంటికి ఎలా కనిపిస్తుందో అలా చూపిస్తుంది" అన్నాడు.

"ఎవరి కంటికి?"

"మనిషి కంటికండీ."

"నా కుడి కంటికి తెలుపు తెలుపులాగుంటది. ఎడం కంటికి పసుపు నీళ్ళలో ముంచినట్టుంటది. ఏ కంటి లెక్క ఇది?"

ఆయన రెండు లెన్సులూ గల్లా మీద పెట్టాడు. "రెండూ పెట్టి తీసి చూసుకోండి" అన్నాడు.

నా తోటికోడల్ని గుమ్మంలో నిలబడమన్నాను. నాను నిలబడను అంది. కర్టెన్లు ఎంచడానికి గంటసేపు నీ వెనక తిరిగానంటే నిలబడింది, మొహం వీధి వైపు పెట్టి. ఒలే అని అరిస్తే తిరిగింది. యాభైతో ఒకటి, ముప్పై అయిదుతో ఒకటి నొక్కాను.

యాభైలో మొహం ఒక్కటే ఉంది. ముక్కుపుడక మెరుపు, పైపెదవి మీద చెమట, అన్నీ ఉన్నాయి. ముక్కు దుబ్బగా లేదు. ఫోనుని మొహం మీద పెట్టి తీస్తే ముందున్నది పెద్దదవుతుందట, ఆయనే చెప్పాడు. అంటే ఇన్నాళ్ళూ ఆమె అన్నది నిజమేనన్నమాట. అది విని ఆమె నా వైపు చూసిన చూపు నేను రాయను. కానీ ఆ ఫోటోలో వెనక ఏమీ లేదు. వీధి, ఆటోలు, మెట్లు అన్నీ కరిగి రంగు చుక్కలైపోయాయి. అది ఎక్కడి మనిషైనా కావచ్చు. వాళ్ళు ఇంకా సామాన్లు కట్టనేలేదు, ఇది అప్పుడే సబ్బవరం వెళ్ళిపోయినట్టుంది.

ముప్పై అయిదులో అన్నీ ఉన్నాయి. కర్టెన్ల సంచీ, మెట్టు మీద విడిచిన చెప్పులు, వెనక ఆటోవాడు పళ్ళు కుట్టుకోవడం. వాటి మధ్య ఆమె. కానీ ఇందులో ఆమెను వెతుక్కోవాలి.

ఏది ఆమె? రెండూ ఆమే. రెండూ కాదు. నేను ఆమెను చూసేటప్పుడు మొహం ఒక్కటే చూస్తానా, చుట్టూ ఉన్నదంతా చూస్తానా? కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకోబోతే మొహం రాలేదు, అరుపు వినిపించింది. ఆమెను అడిగాను. రెండూ చూసి, "ఇదీ నాను కాదు, అదీ నాను కాదు" అంది.

"అయితే ఎవరే ఇది? నా సవతా?" అని మొదలుపెట్టాను. దుకాణం ఆయన నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళాడు. నేను చెయ్యెత్తి ఇంకా ఏదో అంటూనే ఉన్నాను, ఆమె గల్లా మీద కెమెరా తీసి నా మొహానికి గురిపెట్టింది. టిక్కుమంది.

చూశాను. నోరు తెరిచి, చెయ్యి పైకెత్తి, జుట్టు రేగిపోయి, గొడవకి వచ్చిన ముసలిది ఒకతి. "ఇది నాను కాదు" అన్నాను. అన్నాక గాని ఎవరి మాట అన్నానో తెలియలేదు.

ఆమె గుమ్మం పట్టుకుని నవ్వింది. "నువ్వే అప్పా. అచ్చం నువ్వే. నాను దినామూ సూసేది ఇదే."

"ఆ లెన్సేటి?" అని లోపలికి కేకేశాను. ముప్పై అయిదండీ అని వినిపించింది. అదే కట్టమన్నాను. ఎందుకు కొన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆయన చెప్పింది నమ్మానో, వాదించి అలిసిపోయానో, ఆమె కంటికి నేను ఎలా ఉంటానో అది చూపించిందనో. ధర ఇక్కడ రాయను. మా ఆయన చదవడు గాని, చదివి వినిపించేవాళ్ళు మా పేటలో ఉన్నారు.

కొన్నాక అసలు ఫోటో తియ్యడానికి రోజులు జరిగిపోయాయి. ఒకరోజు వాన, ఒకరోజు ఆమె తల దువ్వుకోలేదు, ఒకరోజు పోట్లాటలో ఉన్నాం. చివరికి సామాను వ్యాను మర్నాడు వస్తుందనగా, మధ్యాహ్నం ఆమె ఇసకలో వలల మీద నెత్తళ్ళు ఎండబెట్టి తిరగేస్తోంది. వెనక పడవలు, ఎండ. ఇదే అనుకున్నాను. కెమెరా తీసుకుని ఎదురుగా వెళ్ళాను. మరీ దగ్గరైంది. వెనక్కి నడవమన్నాడు కదా అని వెనక్కి నడిచాను. పడవ కొన తెగిపోతోందని ఇంకా వెనక్కి. కాలి కింద కరకరలాడింది.

"నెత్తల్లు! నా నెత్తల్లు తొక్కేత్తన్నావ్ ముసలిదానా!"

గుప్పెడు ఎండుచేపలు తీసి నా మీదకి విసిరింది. అదే క్షణాన నొక్కేశాను.

ఇంటికొచ్చి చూసుకుంటే చెయ్యి మాత్రం స్పష్టంగా వచ్చింది. వేళ్ళకి అంటిన పొలుసులు, మట్టిగాజు, గాల్లోకి లేచిన నెత్తళ్ళు. మొహం మసక. కంత పెద్దగా తెరిచి ఉంచితే ముందున్న ఒక్కదాన్నే పట్టుకుంటుందని అమ్మాయి తరవాత చెప్పింది. ముందే చెప్పి చావొచ్చు కదా. మొహం కోసం ఇంత చేస్తే మొహమే రాలేదు. మళ్ళీ తీద్దామంటే పొద్దు వాలిపోయింది, ఆమె గిన్నెలు మూటలు కడుతోంది.

అయినా తీసుకెళ్ళి చూపించాను, తిడుతుందని తెలిసే. మూట పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ఇది నానే" అంది.

"మొగం లేదు కదే."

"లేకపోతేటి? సెయ్యి నాదే. ఇసిరింది నానే. కిందున్నవి నా నెత్తల్లే."

నాకు ఏమీ అర్థం కాలేదు. అద్దంలా వచ్చిన మొహాన్ని కాదంది, మసకని తనే అంది. వాదించేలోగా, దుకాణంలో తీసిన నా ఫోటో పెద్దది చేయించి ఇమ్మంది. దేనికన్నాను. పనుందిలే అంది. చేయించి ఇచ్చాను.

చెయ్యి ఫోటో మా గోడకి, ఆమె ఇంటి వైపు గోడకి కట్టాను. చూసినవాళ్ళు ఎవరిదీ చెయ్యి అంటారు. సగం మందికి చెప్పను.

మొన్న ఆమె ఫోన్ చేసింది. "అప్పా, నీ ఫోటో మేడ మీద తాడుకి కట్టాను. ఒక్క కాకి రావటం లేదు."

"అక్కడ సేపలెక్కడివే? ఎండబెడితే వాసనని కాలనీవోళ్ళు గొడవ సేత్తారన్నావు గదా."

"సేపలు కాదు. గుమ్మడి వడియాలు పెట్టాను."

పుట్టి ఇన్నేళ్ళొచ్చినా ఆమె వడియాలు పెట్టింది నేను చూడలేదు. "ఎండలో కడితే రంగు పోద్దే" అన్నాను.

"పోతే మల్లీ తీత్తాను. నువ్వొచ్చినప్పుడు కెమెరా అట్టుకొనిరా. నా మొగం కూడా తియ్యి, ఊరికే ఏడుత్తన్నావు గదా మొగం మొగం అని."

ఈసారి యాభై కొనాలేమో అనుకున్నాను. అమ్మాయిని అడిగితే ఇప్పుడు ముప్పై అయిదే మంచిదంటోంది.

"ఇక్కడ మేడ పెద్దది" అంది ఆమె. "నువ్వెంత ఎనక్కెల్లినా తొక్కడానికి నెత్తల్లు లేవు."

ఫోను పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. మా వైపు సముద్రం వినిపించి ఉంటుంది ఆమెకి.

"వడియాలున్నాయి గదా" అన్నాను.