తలుపు కింది కన్నాలు

చిన్న మేస్త్రికి ఆ షెడ్డు మీద ఆశ ఈనాటిది కాదు. పాత కార్లకు తుప్పు వదిలించే షెడ్డు అది, అతని అన్నయ్యది. మీసాలు రాని వయసులో అందులో చేరాడు. ఇప్పుడు మీసాలు నెరిశాయి, పని మాత్రం అప్పటిదే: లప్పం రుద్దడం, రంగు కొట్టడం. తుప్పు కోసి కొత్త రేకు అతికే పని అన్నయ్యే చేసుకునేవాడు. తలుపు లోపలి పనైతే మరీను, వీపు అడ్డం పెట్టి మరీ చేసేవాడు. తోడబుట్టినవాడి దగ్గర కూడా ఇంత దాపరికమా అని వదిన ఒకసారి అననే అంది.

ఈమధ్య ఆయన చేతులు వణుకుతున్నాయి. ఒకరోజు తన సొంత కారే తెచ్చి నిలబెట్టాడు.

"దీని తలుపులు నువ్వు చెయ్యరా. బాగా చేస్తే షెడ్డు నీదే."

చిన్న మేస్త్రి ఒళ్లు దాచుకోలేదు. పెచ్చులు గీకాడు, మెరిసే ఇనుము కనబడేదాకా వైరు బ్రష్షు పట్టాడు, కుళ్లిన రేకు కోసి కొత్తది అతికాడు. తలుపుల కింది అంచున చిన్న చిన్న కన్నాలు కనిపించాయి. రంగుకు వచ్చే తలుపులకు ఆ అంచున ఎప్పుడూ అన్నయ్యే టేపు అంటించి పంపేవాడు గనక, అక్కడ ఏముంటుందో అతనికి తెలియదు. ఇవీ తుప్పు తిన్నవే అనుకున్నాడు. ఒక్కటీ వదలకుండా వెల్డింగుతో పూడ్చి, నున్నగా అరగదీసి, రంగు కొట్టాడు. కారు పెళ్లికొడుకులా తయారైంది.

అన్నయ్య చుట్టూ తిరిగి చూశాడు. చెంబుతో నీళ్లు తెచ్చి కిటికీ అద్దం సందులో పోశాడు. కింద చుక్క రాలలేదు. తలుపు పట్టి ఊపితే లోపల నీళ్లు గలగలమన్నాయి.

"అద్దం మీద పడ్డ వాన ఎటు పోతుందనుకున్నావురా? ఆ కన్నాల్లోంచే. అవి మూసేసి తుప్పుని కాపురానికి తెచ్చిపెట్టావు."

చిన్న మేస్త్రి వంగి ఆ అంచు తడిమి చూశాడు.

"నాకెప్పుడన్నా చెప్పావా అన్నయ్యా?"

"చూసి నేర్చుకోవాలి."

"చూద్దామని వస్తే టీ తెమ్మని తరిమేవాడివి కదా!"

పెద్దాయన మొహం తిప్పుకున్నాడు. "షెడ్డు అల్లుడికిస్తాలే. నువ్వు రంగు పని చూసుకో."

ఆ అల్లుడు మొన్నటిదాకా బట్టల కొట్లో గుడ్డలు చింపినవాడు. సుత్తి ఏ వైపు పట్టుకోవాలో ఎరగడు. చిన్న మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే ఇంటికెళ్లాడు. వేరే పని చేతకాదు గనక ఆ మంటతోనే పొద్దున్నే మళ్లీ వచ్చాడు.

వచ్చేసరికి అన్నయ్య అదే కారు పక్కన అల్లుణ్ణి పీట మీద కూర్చోబెట్టి, డ్రిల్లుతో కన్నాలు తిరిగి తెరిపిస్తున్నాడు.

"ఇటు వేలు పెట్టి చూడండి అల్లుడుగారూ. నీళ్లు ఇలా దిగుతాయి, ఇక్కడ బయటికొస్తాయి. మట్టి పట్టకుండా చూసుకోవాలి."

చిన్న మేస్త్రి నాలుగడుగుల అవతల ఒక మడ్‌గార్డుకు వాటర్ పేపరు రుద్దుతూ కూర్చున్నాడు. ఇన్నేళ్లు ఎదురుచూసిన పాఠం ఒక్కో ముక్కా అతని చెవిన పడుతూనే ఉంది. చెబుతున్నది మాత్రం అతనికి కాదు.