గాజుపెట్టెలో నెత్తళ్లు

సెల్‌ఫోన్లలో పాము ఆట ఆడుకునే ఆ రోజుల్లో, భూమి వేడెక్కిపోతోందంటే అనకాపల్లిలో ఎవరూ కంగారుపడేవారు కాదు. "ఎప్పుడు సల్లగా ఉంది గనక?" అనేవారు. అందరి తరఫునా నేనే కంగారుపడేదాన్ని. అప్పుడే ఓ ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరాను (చేరానంటే, హెడ్మాస్టారు ఇంకా నన్ను తూచి చూస్తున్నారని అర్థం). "సైన్స్ ఫెయిర్లో మన బడి పరువు నిలబెడితే ఉంటావమ్మా, లేదంటే ఇంకో బడి సూసుకో" అని మొహం మీదే చెప్పేశారాయన.

అందుకని పాత కిటికీ అద్దాలతో మూతున్న ఓ గాజుపెట్టె చేయించి, అడుగున నల్లరంగు పూసిన రేకు వేయించాను. లోపలికొచ్చిన ఎండ వేడిని గాజు బయటికి పోనివ్వదు. మనం వదిలే పొగలూ భూమికి అదే పని చేస్తున్నాయని చూపించాలని నా పథకం. బయట చూస్తే ముసురు. మబ్బు విడిచినప్పుడల్లా కాస్త వేడెక్కుతుందని పెట్టెను మేడమీద పెట్టాను. చర్చి పండక్కి రాంబిల్లి నుంచి చేపల తట్టతో దిగిన మా మేనత్త దాని చుట్టూ తెగ తిరిగింది. మా వంశంలో ఇంత విజ్ఞాన తృష్ణ ఉందా అని మురిసిపోయాను.

ఫెయిరు రోజు పొద్దున్న "నువ్వు సీర కట్టుకోయే, పెట్టి నాను కట్టేసేను" అంటూ దుప్పటి చుట్టి, తనూ బయల్దేరింది. షేర్ ఆటోలో చేపల వాసన గుప్పుమంటే పక్కనున్న తట్టావిడ వంక గుర్రుగా చూశాను (ఆవిడ తట్టలో ఉన్నవి వంకాయలు). తీరా జడ్జిగారి ముందు దుప్పటి లాగితే, రేకు నిండా వేలెడేసి నెత్తళ్ల చేపలు, సగం ఎండి, సగం ఉడికి. ఆయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"ఏటమ్మా ఇవి?"

"నెత్తళ్లు బాబూ," వెనకనుంచి మా అత్తే చెప్పింది. "బయటేమో వాన. ఈ పెట్టిలో సుర్రుమంటంటే పడేసేను."

హెడ్మాస్టారి మొహం చూశాక నా ఉద్యోగం మీద ఆశ పోయింది. ఆ భయంలో నోరు దానంతటదే తెరుచుకుంది.

"పెట్టె భూమండి. గాజు మనం వదిలే పొగలండి. ఆ నెత్తళ్లు మనమండి."

జడ్జిగారు నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డారు. రెండో బహుమతి వచ్చింది, ఉద్యోగం నిలిచింది, 'నెత్తళ్ల టీచరు' అన్న పేరు అంతకన్నా గట్టిగా నిలిచింది.

ఇప్పుడు శివరాత్రి వెళ్లీవెళ్లకముందే ఫ్యాను వేడిగాలి విసురుతుంటే అప్పటి నేను, ఆ పిల్ల టీచరు, గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఉద్యోగం కోసం నోటికొచ్చింది అనేసింది గానీ, పాపం, అంత నిజమని తనకి మాత్రం ఏం తెలుసు? ఆ నెత్తళ్లే నయం. మూత తియ్యడానికి వాటికి మా అత్త ఉంది.