ఆర్విడ్ నీమి చొక్కా కొస

తుపాకుల గురించి ఆర్విడ్ నీమికి తెలియని సంగతి లేదు. అడిగినవాళ్లకి చెప్పేవాడు, అడగనివాళ్లకి ఇంకా ఎక్కువ చెప్పేవాడు. ఆదివారం చర్చి మెట్ల మీద పాదిరిగారిని నిలబెట్టి, ఏ గుండు ఎన్ని గజాలకి ఎన్ని అంగుళాలు వాలుతుందో వివరించేవాడు. పాదిరిగారికి తుపాకి లేదన్న విషయం అతనికి అడ్డు కాలేదు. ముప్పై నాలుగేళ్లు రోడ్ల మీద మంచు తీసే బండి నడిపి రిటైరైన మనిషి. ఎదురుగా ఏది ఉన్నా పక్కకి నెట్టుకుంటూ పోవడం అక్కడ అలవాటైంది. బండి దిగినా అలవాటు దిగలేదు.

అతని భార్య ఇర్యా ఆ మాటలు రేడియోలో వాతావరణ వార్తలు విన్నట్టు వినేది. ఎప్పుడూ ఉండేవే, ఎప్పుడో గానీ నిజం కానివే.

ఆ ఉత్తరపు మంచు ప్రాంతంలో, సరస్సుకి ఈ పక్కన నవంబరు పదిహేనున జింకల వేట మొదలవుతుంది. ఆ రోజు బడి ఉండదు. ఉన్నా వెళ్లేవాళ్లు ఉండరు. నీమి అన్నదమ్ములకి చిత్తడి అడవి అంచున ఒక చెక్క గది ఉంది. దాన్ని క్యాంపు అంటారు. అందులో గోడ మీద గుడ్డ ముక్కలు వరసగా మేకులతో కొట్టి ఉంటాయి. జింక మీద గురి తప్పినవాడి చొక్కా వెనక కొసని అక్కడికక్కడే కత్తిరించి, పేరూ సంవత్సరమూ రాసి గోడకెక్కించడం ఆ ఊళ్లలో తాతల నాటి ఆచారం. ఆర్విడ్ తమ్ముడు రైనోవి ఐదు ముక్కలున్నాయి. అల్లుడిది ఉంది. ఒక్కసారి వచ్చిన పోస్టుమాస్టరుది కూడా ఉంది. ఆర్విడ్‌ది మాత్రం ఒక్కటీ లేదు.

ఎలా ఉంటుంది? కత్తెర ఎప్పుడూ అతని చేతికే వస్తుంది. అతను నాలుగు గుళ్లు పేల్చి ఖాళీ చేతుల్తో వచ్చిన రోజున, ఆ పేల్చినవి జింక మీద కాదు. నక్కల్ని తోలడానికి. లేదా గొట్టంలో చెమ్మ ఆరడానికి. పెద్దవాడు గనక తమ్ముళ్లు నోరెత్తరు. ప్రతి డిసెంబరులోనూ ఆ చొక్కాలు ఉతికి ఆరేసేటప్పుడు ఇర్యా వాటి కొసలు నిలువునా పట్టుకుని చూసేది. చెక్కు చెదరని కొసలు. ఆ ఇంట్లో అంత నిక్షేపంగా ఉన్న వస్తువు ఇంకోటి లేదు.

ఆ ఏడు మనవరాలు ఐలీకి పద్నాలుగు నిండాయి. రైఫిల్‌తో వేటకి వెళ్లే వయసు. ఏడేళ్ల వయసు నుంచీ ఆ పిల్ల మంచులో అడుగులు చదువుతుంది. ఇది కుందేలు, ఇది కుంటుతున్న జింక, ఇది నిన్నటిది అని వేలు పెట్టి చెబుతుంది. ఆమె కోరిక అంతా ఆ పదిహేనో తారీఖు మీదే ఉంది. మనిషి మాత్రం పీల, చేతులు పొట్టి.

పిల్లకి తుపాకి తనే ఎంచుతానన్నాడు ఆర్విడ్. ఇర్యాతో సహా ముగ్గురూ కలిసి లక్రవా వేట సామాన్ల కొట్టుకి వెళ్లారు. లక్రవా తక్కువ మాటల మనిషి. ఐలీ చేతికి టూ ఫార్టీ త్రీ అనే చిన్న రైఫిల్ ఇచ్చి, మడమ, అంటే వెనక చెక్క భాగం, భుజానికి ఆనించమని చెప్పి, మోచెయ్యి వంగిన తీరు చూశాడు. పిల్లకి సరిపోయేదే ముందు చూడాలనీ, ఎముకలు ముదిరాక పెద్దది చూసుకోవచ్చనీ అన్నాడు. జింకకి ఆ గుండు చాలునని కూడా చెప్పాడు.

ఆర్విడ్ ఆ తుపాకిని రెండు వేళ్లతో పట్టుకుని, ఎలకని తోక పట్టి ఎత్తినట్టు ఎత్తాడు.

"దీంతో జింకని చంపాలా, చక్కిలిగింతలు పెట్టాలా?"

తన పాత మాగ్నమ్ పిల్లకి ఇస్తానని అప్పటికప్పుడు తేల్చేశాడు. గుర్రమంత దుప్పిని పడగొట్టే తుపాకి అది. బరువు ఐలీ బడి సంచీ కన్నా ఎక్కువ, మడమ ఆమె చెయ్యి కన్నా పొడుగు. అసలు వేటగాళ్లు దాంతోనే తయారవుతారని కొట్టులో ఉన్న నలుగురికీ వినపడేలా చెప్పాడు. ఆ నలుగురూ గాలాలు చూస్తున్నట్టు నటించారు.

ఆదివారం కంకర గోతి దగ్గర కాగితం పళ్లేన్ని అట్టపెట్టెకి గుచ్చి నిలబెట్టారు. తూటాలు పెట్టి ఇవ్వడం ఇర్యా పని. కాల్చేవాడు తూటాలు పెట్టుకోకూడదని ఆర్విడ్ సిద్ధాంతం. మొదటి గుండుకి ఐలీ రెండడుగులు వెనక్కి పోయింది. రెండోదానికి టోపీ ఎగిరిపోయింది. మూడోది కాల్చేముందే కళ్లు గట్టిగా మూసుకుంది. పళ్లెం తెల్లగా అలాగే ఉంది.

"నీ వయసులో నేను దుప్పిని కొట్టాను. నువ్వు పళ్లేన్ని కొట్టలేకపోతున్నావు. గుండె లేదు నీకు, అదీ అసలు సంగతి" అన్నాడు ఆర్విడ్.

ఐలీ టోపీ తెచ్చుకుని దులుపుకుంది.

ఆ శనివారం ఆడవాళ్ల వంతుగా ఆవిరి గదిలో కూర్చున్నప్పుడు ఇర్యా ఆ భుజం చూసింది. మెడ నుంచి చంక దాకా నల్లగా, అంచుల్లో పచ్చగా కమిలి ఉంది. ఆరు రోజుల పాటు పిల్ల పొడుగు చేతుల స్వెట్టరు వేసుకుని తిరిగిందన్నమాట. ఇర్యా కాగిన రాళ్ల మీద నీళ్లు పోసింది. ఆవిరి లేచింది.

"నేను రాను అమ్మమ్మా ఈ ఏడు. ఆ తుపాకి చూస్తేనే నా కళ్లు వాటంతట అవే మూసుకుపోతున్నాయి."

"వచ్చే ఏడు?"

"వచ్చే ఏడు కూడా."

ఏడేళ్ల పాటు అడుగులు చదివిన పిల్ల అలా అంటుంటే ఇర్యాకి ఆవిరి గదిలో కూడా ఒళ్లు చల్లబడింది. వేటకి పదకొండు రోజులుంది.

సోమవారం ఇర్యా ఒక్కతే లక్రవా దగ్గరికి వెళ్లి సంగతి చెప్పింది. లక్రవా లోపలికి వెళ్లి తన కూతురు నేర్చుకున్న టూ ఫార్టీ త్రీ తెచ్చాడు. మడమ ఎప్పుడో రెండంగుళాలు కోసి రబ్బరు తొడిగి ఉంది. సీజను అయ్యాక తెచ్చిమ్మన్నాడు. తరవాత బల్ల మీదికి వంగి నెమ్మదిగా అన్నాడు.

"బెదిరినవాళ్లని పట్టుకోవడం తేలిక, ఇర్యా. చెప్పకుండా కాల్చేసిన ఖాళీ తూటా పెట్టి చేతికివ్వు. తుపాకి పేలదు, తన్నదు. మనిషి బెదిరేవాడైతే గొట్టం దానంతట అదే కిందికి వాలుతుంది. అబద్ధం చెప్పడానికి వీలుండదు."

పిల్ల సంగతి తనకి తెలుసునని ఇర్యా అంది. లక్రవా ఆమె మొహంలోకి చూశాడు.

"నేను పిల్ల గురించి చెప్పట్లేదు."

మళ్లీ ఆదివారం, మళ్లీ కంకర గోతి. ఇర్యా బండి వెనక నుంచి చిన్న తుపాకి తీసేసరికి ఆర్విడ్ మొహం ఎర్రబడింది. ఉడతల్ని కొట్టే తుపాకి అన్నాడు. క్యాంపులో తన పరువు పోతుందన్నాడు. లక్రవా వంశంలో మగాడు లేడన్నాడు. అతను ఊపిరి తీసుకునే సందులో ఐలీ పళ్లెం అంచుకి ఒక గుండు తగిలించింది. తరవాతిది లోపల. ఆ తరవాతిది ఇంకా లోపల. పిల్ల కళ్లు తెరిచే ఉన్నాయి.

పళ్లెం దగ్గరగా ఉందన్నాడు ఆర్విడ్. గాలి లేదన్నాడు. ఇక మాటలు చాలక, అసలు తుపాకి ఎలా కాలుస్తారో చూడమని మాగ్నమ్ తీసుకుని చెయ్యి చాపాడు. ఇర్యా ఒక తూటా పెట్టి ఇచ్చింది. చెవులు పగిలేలా పేలింది. పళ్లేనికి ఏమీ కాలేదు. తుపాకి మీది టెలిస్కోపు కదిలిందని చెప్పి మళ్లీ చెయ్యి చాపాడు.

ఇర్యా వంగి, కంకరలో పడ్డ ఆ ఖాళీ తూటానే తీసి, తుడిచి, లోపల పెట్టి ఇచ్చింది.

ఆర్విడ్ కాళ్లు ఎడంగా పెట్టాడు. గడ్డం ఆనించాడు. ఊపిరి బిగపట్టడం ఎలాగో మనవరాలికి చెప్పి మరీ బిగపట్టాడు. ట్రిగ్గరు టిక్కుమంది. అంతే. కానీ గొట్టం మాత్రం కొంగ ముక్కు నీళ్లలో ముంచినట్టు ఒక్కసారి జానెడు కిందికి దిగింది. భుజం చెవి దాకా లేచింది. రెండు కళ్లూ గట్టిగా, చిన్నపిల్లాడు చేదు మందు తాగేటప్పటిలా, మూసుకుపోయి ఉన్నాయి. చప్పుడు రాలేదు గనక అన్నీ తీరిగ్గా కనిపించాయి.

ఇర్యాకి ముప్పై ఎనిమిది డిసెంబర్ల చొక్కాలు గుర్తొచ్చాయి.

ఐలీ నవ్వి ఉంటే అతను తిట్టేవాడు. ఆమె నవ్వలేదు. మంచులో కొత్త అడుగుని చూసినట్టు తాతని శ్రద్ధగా చూసింది.

"పాడు తూటా" అన్నాడు ఆర్విడ్. "ఈ రోజుల్లో సరుకు సరిగ్గా రావట్లేదు."

ఇంటికి వెళ్లే దారిలో పిల్లకి చిన్న తుపాకే మంచిదని మొదటి నుంచీ తన ఉద్దేశమని చెప్పాడు. రాత్రి తమ్ముడికి ఫోను చేసి కూడా అదే చెప్పాడు. ఇర్యా పక్క గదిలో ఊలు అల్లుతూ వింది.

పదిహేనో తారీఖు కొత్త మంచు పడింది. ఐలీ పక్కన పెద్దవాళ్లెవరో ఉండాలి గనక చెట్ల మధ్య కట్టిన చెక్క గూట్లో ఇర్యా కూర్చుంది, ఫ్లాస్కులో కాఫీతో. తెల్లారాక చిత్తడికి అవతల, ఆర్విడ్ కూర్చున్న వైపు నుంచి మాగ్నమ్ మూడుసార్లు ఉరిమింది. ఇర్యా కాఫీ మూత బిగించింది. కాసేపటికి అటు నుంచే ఒక చిన్న కొమ్ముల మగ జింక చెంగనాలు వేస్తూ వచ్చి, అరవై అడుగుల దూరంలో ఆగి, వచ్చిన దారి వైపు తల తిప్పి చూసింది. చిన్న తుపాకి ఒక్కసారి పలికింది. జింక నాలుగు అడుగులు వేసి కూలబడింది.

 ఐలీ జింక దగ్గరికి వెళ్లి మెడ మీద చెయ్యి ఉంచింది. తరవాత లేచి, అది వచ్చిన అడుగుల వెంట వెనక్కి నడిచింది. ఇర్యా వెళ్లలేదు. పిల్ల తిరిగొచ్చేసరికి చాలాసేపైంది.

మధ్యాహ్నం క్యాంపులో అందరూ మాంసం కూరిన పాస్టీలు తింటున్నారు. ఆర్విడ్ చొక్కాని ప్యాంటులోకి బాగా కుక్కుకుని బల్ల మొదట్లో కూర్చున్నాడు. మనవరాలికి తుపాకి తనెలా ఎంచాడో మొదటి నుంచీ చెప్పాడు. పొద్దున మూడు గుళ్లూ నక్కల కోసమన్నాడు. వేట మొదటి రోజున నక్కలు ఎంత చెడగొడతాయో కూడా చెప్పాడు. రైనో తన పాస్టీ వైపు చూసుకుంటూ తిన్నాడు.

ఐలీ నోట్లోది మింగి మాట్లాడింది. గొంతు చిన్నది. గది నిశ్శబ్దంగా ఉంది గనక వినపడింది.

"తాతా, నీ గూడు దగ్గరి దాకా వెళ్లాను. అక్కడ నా జింక అడుగులున్నాయి. మూడు చెట్లకి కొత్తగా బెరడు లేచింది. నక్క అడుగు ఒక్కటీ లేదు."

"నక్కలు తేలిగ్గా నడుస్తాయి" అన్నాడు ఆర్విడ్.

ఎవరూ నవ్వలేదు. అదే అతనికి చేటైంది. నవ్వి ఉంటే గదమాయించి తప్పించుకునేవాడు. రైనో లేచి, మేకుకి వేలాడుతున్న కత్తెర తీసి, అన్నకి ఇవ్వకుండా బల్ల మీదుగా పిల్ల ముందు పెట్టాడు.

"లే తాతా" అంది ఐలీ.

అతను ఇర్యా వైపు చూశాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆమెని ఏదైనా అడిగినట్టు చూడటం అదే మొదలు. ఆమె తన కప్పులో చక్కెర కలుపుకుంది. అతను లేచాడు. కుక్కుకున్నదాన్ని పైకి లాగడానికి కాస్త పెనుగులాడాల్సి వచ్చింది.

ఎరుపూ నలుపూ గళ్ల ముక్క పోస్టుమాస్టరు ముక్క పక్కన చేరింది. ఇంటికొచ్చాక ఆర్విడ్ ఆ చొక్కా కుట్టు మిషను మీద పడేసి, కిందికి ఏదైనా గుడ్డ అతికించి మామూలుగా చెయ్యమన్నాడు. ఇర్యా దారాలు ఊడకుండా అంచు మాత్రం మడిచి కుట్టింది. గుడ్డ అతికించలేదు. బీరువాలో ఆ గళ్ల బట్ట గజం పైనే ఉంది.

ఇప్పుడు ఆదివారం చర్చి మెట్ల మీద అతను ఎవరికో గుండు వాలడం గురించి వివరిస్తూ చేతులెత్తినప్పుడల్లా కొస కురచైన చొక్కా ప్యాంటులోంచి పైకొచ్చేస్తుంది. అతను మాట మధ్యలో ఆపి, దాన్ని లోపలికి తోసుకుని, మళ్లీ మొదలెడతాడు. ఆ ఆపే కాసేపట్లో పాదిరిగారు లోపలికి వెళ్లిపోతున్నారు.