అరుగు మీద సంగటి

ముక్కు మీద కోపం, నోటి నిండా సలహాలు. మగ్గాల వీధికి నేను మొదట వెళ్లింది ఆ రెండింటితోనే. ప్రతి గురువారం కడప నుంచి బస్సులో, బరువు చూసే మిషన్‌ను ఒళ్లో పెట్టుకుని పోయేదాన్ని. ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ల ఒంట్లో కొవ్వు ఎక్కువైతే రొమ్ము క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుంది. బరువు తగ్గితే ఆ ముప్పు పూర్తిగా పోదు కానీ కొంత తగ్గుతుంది. వాళ్లు ఏం తినాలో, ఎంత నడవాలో ఆలోచించి పద్ధతి తయారుచేయడం నా ఉద్యోగం.

పన్నెండు మంది చేరారు. అందరూ రోజంతా రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు చుట్టి ఇచ్చేవాళ్లే. ఓట్స్ అని రాసిన నా మొదటి చార్టు చూసి పడీపడీ నవ్వారు. దాన్ని చించేసి, వాళ్ల రాగి సంగటి ముద్దనే సగం చేసి, పక్కన ఆకుకూర పప్పు పెంచాను.

వాళ్లలో అరవై దాటిన పెద్దమ్మ ఒకామె ఉండేది. ఆమె అక్క ఈ జబ్బుతోనే పోయింది. చివరిదాకా సేవ చేసింది ఈమే.

"మా అక్కకొచ్చింది నాకు రాకుండా సూడు మేడం" అని మొదటిరోజే నా చెయ్యి పట్టుకుంది. రాదని మాటివ్వలేకపోయాను. చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.

నేను చెప్పినవన్నీ ఆమె చేసింది. సాయంత్రం బజ్జీలు మానేసింది, ఊరి చివరిదాకా నడిచింది. నాలుగు నెలల్లో ఐదు కేజీలు తగ్గింది. నేను సంతోషం పట్టలేకపోయాను. భజన మందిరం ముందు నిలబడి, ఆ సంగతి వీధంతా వినేలా అరిచి చెప్పి, అందరిచేతా చప్పట్లు కొట్టించాను.

తర్వాతి గురువారం ఆమె రాలేదు. ఆ పై వారమూ రాలేదు. కోపంగా ఇంటికే పోయాను. ఆమె రాట్నం తిప్పుతూ తలెత్తలేదు. పొయ్యి దగ్గర కోడలు ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రగా చేసుకుని ఉంది.

"ఏం పెద్దమ్మా, ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరేనా?" అన్నాను.

"నేను సన్నబడితే మాట పడేది నా కోడలు మేడం. అత్తకు కూడు పెట్టకుండా మాడుస్తాందని కొళాయి కాడ దాన్ని అంటాండారు. ఐదు కేజీలు తగ్గిందని నువ్వే గదా అరిసి సెప్పింది? తల్లి లేని బిడ్డ అది. దానికి చెడ్డపేరు తెచ్చి నేను బతికి ఏం సేసేది?"

నా కోపం ఎటుపోయిందో తెలియదు. ఊరెళ్లినప్పుడల్లా "చిక్కిపోయావే" అని కళ్లనీళ్లు పెట్టుకునే మా అమ్మ గుర్తొచ్చింది. మనవైపు చిక్కడమంటే తిండి లేకపోవడం, దిగులు, రోగం. అది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. నాలుగు పుస్తకాలు చదివి మరిచిపోయాను. చాలా సిగ్గేసింది.

ఉపాయం కోడలే చెప్పింది. ఆ వీధిలో ఆడవాళ్లు, ఇంట్లో మిగతావాళ్లంతా తిన్నాక, వంటింట్లో తింటారు. ఎవరెంత తిన్నదీ ఎవరికీ తెలియదు.

"ఇంట్లో తింటే ఎవురికి కనపడ్తాది మేడం? అత్త రేపట్నుంచి అరుగు మీద తినల్ల" అంది.

మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మ పళ్లెం పట్టుకుని అరుగు మీద కూర్చుంది. కోడలు గిన్నెతో నిలబడి, వీధి చివరికి వినబడేలా అరిచింది.

"ఇంగొంచెం పెట్టేదా అత్తా?"

"సాల్లేమ్మే, కడుపు నిండె!"

"ఒగ ముద్దన్నా తినత్తా!"

"ఒద్దంటాంటే!"

దాని కోసమే సెలవు పెట్టి వచ్చిన నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. నెల తిరక్కముందే మిగతా పదకొండు మందీ అరుగుల మీదికొచ్చారు. నా పద్ధతిలో 'మధ్యాహ్న భోజనం: అరుగు మీద, కోడలు వడ్డించాలి' అని ఒక లైను చేర్చాను. అదేమిటని పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. వివరించడానికి అరగంట పట్టింది.

మొన్నటి గురువారం పెద్దమ్మ బరువు ఇంకో రెండు కేజీలు తగ్గింది. ఈసారి అరవలేదు, కాగితం మీద రాసి ఆమెకే చూపించాను. అంతకుముందు వారం దాకా భుజాల మీంచి జారిన జాకెట్టు ఆ రోజు ఒంటికి సరిపోయింది.

"కొత్తదా పెద్దమ్మా?"

"పాతదే. కోడలు కుట్టేసింది." చంక కింద కుట్టు తడుముకుంది. "మా అక్కకు గూడ జాకెట్లు వదులైనాయి మేడం. కుట్టు ఏస్తానంటే, ఎందుకులే, ఇంగెన్నాళ్లు తొడుగుతా అనె. నా కోడలు రెండు వరసలు ఏసినాది సూడు. ఇంత గట్టిగా ఎందుకే అంటే, శానా నాళ్లు తొడగల్ల గదత్తా అనె."