సిగ్నల్ బండ

ఆకుపచ్చ రంగు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పొలాల పచ్చదనం సంగతి కాదు, మా ఆఫీసు కంప్యూటర్‌లో కనిపించే ఆకుపచ్చ. ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుందో, ఎక్కడ అందదో నేల ఎత్తుపల్లాలను బట్టి ముందే లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేయడం నా ఉద్యోగం. టవర్ ఎక్కడుంది, ఎంత ఎత్తుంది, దానికీ ఊరికీ మధ్య ఏం అడ్డుంది, ఇవన్నీ ఇస్తే అది మ్యాపు గీస్తుంది. అందేచోట ఆకుపచ్చ, అందనిచోట ఎరుపు. ఫోన్ కంపెనీ వాళ్లు ఆ మ్యాపు ముందేసుకుని ఎరుపున్నచోట కొత్త టవర్ వేస్తారు. ఆకుపచ్చ ఊరి వైపు తల కూడా తిప్పరు.

మా మేనత్త ఊరు మోత్కూర్ అవతల. నా చిన్నప్పటి వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి. చుట్టూ చదును చేలు, ఊరికి ఆనుకుని నిట్టనిలువుగా లేచిన ఒక బోడగుట్ట. టవర్ గుట్టకు అవతల ఉంది కాబట్టి ఊళ్లో సిగ్నల్ రాదు. గుట్ట మీదికి సగం దూరం ఎక్కితే పక్కకు పొడుచుకొచ్చిన బండ ఒకటుంది. దాని మీద నిలబడితే వస్తుంది. ఊరంతా దాన్ని సిగ్నల్ బండ అంటారు. అత్త నాకు ఫోన్ చేసిందంటే బండెక్కిందన్నమాట.

చాలాకాలం ఇది నాకు నవ్వులాటగానే ఉండేది. ఒకసారి నేను ఊరికి వెళ్లిన రోజునే కంట్రోల్ బియ్యం ఇస్తున్నారు. రేషన్ డీలర్ వేలిముద్రల మిషన్ చంకన పెట్టుకుని గుట్ట ఎక్కుతున్నాడు. అతని వెనక ముసలివాళ్లు, కర్రలు పట్టుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని. బండ మీద వేలు పెట్టాలి, కిందికి దిగి దుకాణంలో బియ్యం తీసుకోవాలి. మా అత్తకు మోకాళ్ల నొప్పులు. పైగా మగ్గానికి ఆసు పోసి పోసి, అంటే మేకుల చుట్టూ నూలు తిప్పి తిప్పి, ఏళ్ల తరబడి ఆ దారం వేళ్ల మధ్య నుంచి నడిచి, బొటనవేలి గీతలు అరిగిపోయాయి. మిషన్ నాలుగుసార్లు కాదంది.

"తుడుసుకొని మళ్లా పెట్టు అవ్వా," అన్నాడు డీలర్. నేను గుర్రుగా చూస్తుంటే నా వైపు తిరిగి, "నన్నేమనకు అక్కా. నాకేమన్న సరదానా గీ బండెక్కుడు? సిగ్నల్ లేకుంటే మిషిన్ ఒప్పుకోదు," అన్నాడు.

అయిదోసారి ముద్ర పడింది. అత్త బండ మీదే కూలబడి ఊపిరి తీసుకుంటూ అడిగింది. "నువ్వు చేసే పని గిదే గద బిడ్డా, సిగ్నల్ ఏడికొస్తదో చెప్పేది. మా ఊరి ముచ్చట చెప్పినవా మరి?"

అక్కడే ల్యాప్‌టాప్ తెరిచాను. ఊరు ముదురు ఆకుపచ్చలో ఉంది. అత్తకు చూపించడానికి మనసొప్పలేదు. చూస్తానని మాత్రం అన్నాను.

ఆఫీసుకు వెళ్లి తవ్వితే తప్పు దొరికింది, అది నాదే. ఉపగ్రహం నుంచి వచ్చే నేల ఎత్తుల లెక్కల్లో ఒక్కోసారి తప్పులు దొర్లుతాయి. చదును నేల మధ్యలో ఉన్నట్టుండి ఒక పెద్ద అంకె పొడుచుకొస్తుంది. అలాంటివాటిని పట్టుకుని చుట్టుపక్కల ఎత్తుకు దించేసే చిన్న ప్రోగ్రాం రెండేళ్ల కింద నేనే రాశాను. ఆ రోజు మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు. నల్లగొండ నేలంతా అంతే కదా, చదును చేల మధ్య ఉన్నట్టుండి లేచే రాయి. ఆ గుట్ట నీడలో ఆడుకుని పెరిగిన నేనే, దాన్ని తప్పు లెక్క అని కొట్టేశాను. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

ప్రోగ్రాం సరిచేశాను. గుట్ట లేచింది, ఊరు ఎర్రబడింది. సంతోషంగా మేనేజర్ దగ్గరికి వెళ్తే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఆ ఊళ్లో సర్వే అయిపోయింది. సిగ్నల్ వస్తోందని జనమే చెప్పారు. మన మ్యాపు ఒకటి చెప్పి సర్వే ఇంకోటి చెబితే సర్వే మాటే ఖాయం."

"సర్వే ఎట్ల చేశారు సార్?"

"ఫోన్ చేసి అడిగారు."

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది, వెంటనే మంట లేచింది. సిగ్నల్ లేని ఊరికి ఫోన్ చేసి సిగ్నల్ ఉందా అని అడిగారట. ఎత్తినవాళ్లంతా బండ మీద ఉన్నవాళ్లే. కలవని నంబర్లను లెక్కలోంచి తీసేశారు. రికార్డింగులు తెప్పించి ఒక్కొక్కటే విన్నాను. ఏడో గొంతు మా అత్తది.

"అమ్మా, మీ ఊరిలో సిగ్నల్ వస్తుందా?"

"ఆ, వస్తది బిడ్డా. గిప్పుడు మాట్లాడుతలేనా?"

మా వైపు వస్తది అనే మాట అలాంటిది. నల్లా నీళ్లు ఊరి చివరి కుళాయి దగ్గర సన్నగా కారినా, వస్తున్నాయా అంటే వస్తయనే అంటారు. ఎంత నడవాలి, ఎంత ఎక్కాలి అన్నది వేరే ముచ్చట. అడిగితే చెప్తారు. ఫోన్ చేసిన సర్వే అమ్మాయి అడగలేదు. అడగడానికి ఆమె కాగితంలో ఆ ప్రశ్నే లేదు.

అత్త మళ్లీ ఫోన్ చేసినప్పుడు కోపం ఆపుకోలేక ఆమె మీదే విరుచుకుపడ్డాను. "ఎందుకట్ల చెప్పినవ్ అత్తా?"

"మరేం చెప్పాలె? ఆ పిల్ల గొంతు మంచిగ ఇనవడుతాంది. ఫోన్ల మాట్లాడుకుంటనే సిగ్నల్ లేదంటే నన్ను పిచ్చిదనుకోదా?"

 మేనేజర్‌తో రెండు వారాలు కొట్లాడాను. మీ అత్త ఊరని పట్టుబడుతున్నావన్నాడు. అవును, మా అత్త ఊరే, మీ అత్త అయితే మీరు బండెక్కిస్తారా అన్నాను. అందరూ తలలెత్తి చూశారు. చివరికి నా పోరు పడలేక మళ్లీ సర్వే చేయిస్తామన్నారు. నేను అత్తకు చెప్పాను. "ఈ వారంల మళ్ల ఫోన్ వస్తది. ఈసారి ఇంట్ల సిగ్నల్ రాదని గట్టిగ చెప్పు."

ఇంట్లో ఉంటే ఆ ఫోనే రాదన్న ఆలోచన, ఇంత చదువు చదివిన నాకు తట్టలేదు. అత్తకు తట్టింది. పొద్దున్నే సద్ది గిన్నె, నీళ్ల సీసా పట్టుకుని బండెక్కి కూర్చుంది. నెత్తిన కొంగు కప్పుకుని మూడు రోజులు ఆ ఎండలో కూర్చుంది. మూడో రోజు ఫోన్ వచ్చింది. చెప్పాల్సింది చెప్పి, దిగుతూ కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. అంబులెన్సుకు ఫోన్ చేయడానికి పక్కింటాయన మళ్లీ అదే బండెక్కాల్సి వచ్చింది.

భువనగిరి దవాఖానకు బస్సులో వెళ్తూ సర్వే ఫలితం తెరిచాను. ముందు రికార్డింగు విన్నాను. "ఇంట్ల రాదు బిడ్డా. వాకిట్ల రాదు. గుట్ట మీద బండెక్కితెనే వస్తది. గా బండ మీదనే కూసున్న గిప్పుడు. రాదని రాసుకో." అవతల అమ్మాయి థాంక్యూ అమ్మా అంది. కింద ఫారంలో రెండు గడులు. వాటిని మనిషి నింపడు, ఫోన్ కలవగానే మిషనే నింపుకుంటుంది. కాల్ కలిసింది: అవును. మాట స్పష్టత: బాగుంది. ఊరు మళ్లీ ఆకుపచ్చ.

అత్త మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. కుడి చెయ్యి మోచేతి దాకా సిమెంటు కట్టులో ఉంది, బొటనవేలు కూడా అందులోనే. వచ్చే నెల బియ్యానికి ఎడమ వేలిని మిషన్ ఒప్పుకుంటుందో లేదో నాకు తెలియదు. నన్ను చూడగానే ఆమె మాత్రం టవర్ సంగతే అడిగింది.

"టవర్ ఏస్తరా బిడ్డా?"

లేదన్నట్టు తల ఊపాను.

"గట్టిగనే చెప్పిన గదనే. రెండుసార్లు చెప్పిన. ఇనవడలేదా వాళ్లకు?"

"ఇనవడ్డది అత్తా," అన్నాను. "మంచిగ ఇనవడ్డదనే రాసుకున్నరు."