కాతిబ్ సాబ్ దిద్దిన అక్షరాలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేము కోస్తా నుంచి హైదరాబాదు వచ్చాం. మావారిది ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం. చాంద్రాయణగుట్టలో అద్దెకు దిగాం. ఇంట్లో ఊరికే కూర్చోలేక నేను యాకుత్‌పురా స్టేషన్ దగ్గర ఒక చిన్న ఆడపిల్లల బడిలో కంప్యూటర్ టీచరుగా చేరాను. తెలుగు పిల్లలూ ఉర్దూ పిల్లలూ కలిసి చదివే బడి అది. నడిపే పెద్దావిడను అందరూ ఆపా, అంటే అక్కా, అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను.

ల్యాబ్ అంటే మెట్ల పక్క గది, అందులో కొన్ని సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లు. అంతే. ఒకరోజు పక్క సందులోని కోచింగ్ సెంటర్‌కు తనిఖీ వాళ్లు వచ్చి, దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారని కంప్యూటర్లన్నీ పట్టుకుపోయారు. ఆ మధ్యాహ్నమే ఆపా ల్యాబ్‌లోకి వచ్చారు.

"టీచరమ్మా, మన డబ్బాలు మనం కొన్నయే కద?"

"కొన్నవే ఆపా. లోపలి సాఫ్ట్‌వేర్ మాత్రం షాపతను వేసిచ్చాడు."

"వేసిచ్చుడంటే ఏంది? ఖరీదు పెట్టి తెచ్చిండా?"

"లేదండీ. అందరూ అలాగే వాడతారు."

"అందరి సంగతి నాకెందుకు? పరీక్షల కాపీ కొట్టిన పిల్లను నేను బయట నిలబెడుతున్న. బంద్ చెయ్యి అన్నిటిని."

రెండు రోజుల్లో మర్చిపోతారనుకున్నాను. మర్చిపోలేదు. గదికి తాళం వేసి తాళంచెవి కొంగున కట్టుకున్నారు. అన్నిటికీ అసలు సాఫ్ట్‌వేర్ కొనే శక్తి బడికి లేదు. నా ఉద్యోగం అక్కడితో ఆఖరనే అనుకున్నాను.

ఆ ఆదివారం మావారు పేపర్లో చూసి నన్నొక సమావేశానికి తీసుకెళ్లారు. విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత సిస్టం వాడేవాళ్లంతా కలుసుకునే చోటు అది. అక్కడ ఒక ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు నా చేతిలో సీడీలు పెట్టి, "తీసుకెళ్లండి. ఎన్ని కాపీలైనా చేసుకోండి, ఎవరికైనా ఇవ్వండి," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించని మనిషిని నేను చూడటం అదే మొదలు.

ఈ సంగతి చెబితే ఆపా గది తాళం తీశారు. ఎక్కించడం తేలిగ్గా ఏమీ జరగలేదు. ప్రింటరు పలకలేదు. ఒక మిషన్‌లో తెర నల్లగా అయిపోయి మళ్లీ వెలగలేదు. పాపం ఆ లెక్చరరు స్కూటరు మీద చాలాసార్లు రావలసి వచ్చింది. అన్నీ కుదిరాక తల్లిదండ్రుల లొల్లి మొదలైంది. గాజుల దుకాణం నడిపే ఒకాయన వచ్చి, "బయట నౌకరీల అడిగేది ఇది కాదు కద ఆపా. నా బిడ్డ జిందగీతోని ఆడుకుంటున్రా?" అన్నాడు. నాకూ లోపల అదే సందేహం ఉంది. ఆపా మాత్రం, "ఫికర్ చెయ్యకు భాయ్, టైపు చేసుడు ఏ డబ్బాల నేర్చినా ఒక్కటే," అన్నారు. అతను వినలేదు. కూతుర్ని వేరే బడిలో వేశాడు. చురుకైన పిల్ల. మళ్లీ రాలేదు.

కొత్త సిస్టంలో ఆపాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఉర్దూ టైపు చేసుకోవచ్చు. అంతవరకూ ఉర్దూ ప్రశ్నపత్రాలను బయట కంపోజింగ్ షాపులో చేయించేవాళ్లం. మా ల్యాబ్‌లో మొదటి పత్రం అచ్చయిన రోజు ఆపా దాన్ని మురిపెంగా మడిచి హుస్సేనీ ఆలంలోని ఇంటికి తీసుకెళ్లారు. మర్నాడు ముఖం ముడుచుకుని వచ్చారు.

"ఇంట్ల సాబ్ చూసిండు. గిదేం రాత, చీమలు పారినట్టున్నది అన్నడు."

సాబ్ అంటే ఆమె భర్త. ఆయన కాతిబ్. వెదురు కలంతో ఉర్దూ పత్రికల పేజీలు, శుభలేఖలు, పుస్తకాల అట్టలు చేత్తో రాసిన మనిషి. తొంభైలలో పత్రికలన్నీ ఒక్కొక్కటిగా కంప్యూటర్‌కు మారాయి. ఆయనకు పని పోయింది. భార్య నడిపే బడే అయినా ల్యాబ్ గడప ఆయన ఎన్నడూ తొక్కలేదు.

ఈ సంగతి చెబితే లెక్చరరు నవ్వాడు. "నచ్చకపోతే దిద్దమనండి. ఆ అక్షరాలు ఎవరైనా మార్చుకోవచ్చు," అన్నాడు. నేను ఆపాకు మాటవరసకే చెప్పాను. ఆవిడ ఇంట్లో ఏం చెప్పారో తెలియదు. వారం తిరగకుండా సాబ్ మా ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డారు. చంకలో గుడ్డలో చుట్టిన కలాలు.

"ఇవి ఎవరు రాసిన్రు బేటీ?" తెర మీది అక్షరాలను చూస్తూ అడిగారు.

"ఒకరు కాదండీ. రకరకాల దేశాలవాళ్లు కలిసి చేశారట."

"నేను మార్చితే లొల్లి చెయ్యరా?"

"చెయ్యరు. మార్చుకోమనే ఇచ్చారు."

ఆయన తెర దగ్గరికి వంగి చూశారు. "మా పని తీస్కున్న మిషన్‌ను పెట్టెల పెట్టి అమ్మిన్రు. లోపలేముందో చూడనియ్యలే మమ్మల్ని," అన్నారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

మొదట నూన్ అనే అక్షరం పట్టుకున్నాం. గిన్నెలాంటి ఆకారం, పైన చుక్క. ఆయన కాగితం మీద పెద్దగా రాసి ఇచ్చేవారు. నేను దాన్ని స్కాన్ చేయించి, లెక్చరరు చూపించిన ప్రోగ్రాంలో ఆ గీత వెంట మౌస్‌తో చుక్కలు కదిపేదాన్ని. పక్కనే కూర్చుని, "ఇంక లోతు. ఆగు, ఆగు. కడుపు మస్తు పెద్దగయింది," అనేవారు. అక్షరం లోతును కలం పెట్టిన చుక్కలతో కొలుస్తారని అప్పుడే తెలిసింది. నాకు ఉర్దూ చదవడం రాదు. అయినా కొన్నాళ్లకు నూన్ ఎక్కడ కుంటుతోందో ఆయన చెప్పకముందే కనబడసాగింది.

నూన్ అయ్యాక, కింద తోక ఉండే యే అనే అక్షరం దిద్దాం. ఆ రెండక్షరాలతో ప్రశ్నపత్రం అచ్చేస్తే ఆపా కిటికీ వెలుగులో పట్టుకుని చూసి, "ఇప్పుడు మనిషి రాసినట్టున్నది," అన్నారు. లెక్చరరు వాటిని ఇంటర్నెట్‌లో ఆ అక్షరాల బాగోగులు చూసేవాళ్లకు పంపాడు. లాహోర్ నుంచి ఎవరో జవాబిచ్చారు. నూన్ బాగుంది, తీసుకుంటున్నాం. యే తోక కిందికి జారి కింది వరస చుక్కలను తాకుతోంది, సరిచేసి పంపండి. నేను సాబ్‌కు ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నా యేకు వంక పెట్టేటోడు ఇంక పుట్టలే!" అంటూ సాబ్ కలాలు చుట్టుకుని వెళ్లిపోయారు.

మర్నాడు ఆపా నా మీద విరుచుకుపడ్డారు. "ఏం చెప్పినవమ్మా ఆయనకు? అన్నం ముందల కూసొని లాహోరోన్ని తిడుతుండు."

ఇక రారనే అనుకున్నాను. కొన్నాళ్లకు వచ్చారు. నన్ను పలకరించకుండానే ప్రశ్నపత్రం అడిగి తీసుకుని, భూతద్దం పెట్టి వరస వెంట వరస చూశారు.

"ఎవడో గాని వానికి కండ్లున్నయి," అన్నారు చివరికి. "అఖ్బార్ పేజీ రాసేటప్పుడు ప్రతి యే కింద ఏమొస్తదో చూసుకొని రాస్తుంటి. అవసరమైన కాడ తోక జర పైకి లేపుతుంటి. మిషన్ చూసుకోదు కద. అన్ని జాగలల్ల సరిపడేది ఒక్కటే రాయాలె. అది నేను ఎప్పుడూ రాయలే."

ఆ ఒక్క యే కోసం ఆయన పెట్టిన శ్రమ నూన్‌కు కూడా పెట్టలేదు. రాసిన కాగితాలు చించి మళ్లీ రాసేవారు. చివరికి లాహోర్‌వాళ్లు ఒప్పుకున్నారు. అప్పుడు లెక్చరరు ఫోన్ చేసి, సాబ్ పూర్తి పేరు చెప్పమన్నాడు.

"పేరెందుకు?" అన్నారు సాబ్ అనుమానంగా.

"చేసినవాళ్ల పేర్లు దాంట్లో ఉంటాయండీ. ఎవరు వాడినా, ఎక్కడికి పోయినా ఆ పేర్లు తీసెయ్యకూడదట."

అన్నేళ్ల పత్రిక పనిలో ఆయన పేరు ఏ పేజీలోనూ రాలేదని ఆపా తర్వాత చెప్పారు. శుభలేఖల మీద ఎంతమంది పెళ్లికొడుకుల పేర్లు రాశారో లెక్కలేదు. ఆయన కలం సిరాలో ముంచి తన పేరు ఉర్దూలో రాసి ఇచ్చారు. అది అక్కడ పనికిరాదు, ఇంగ్లీషు అక్షరాల్లో కావాలి. నేను టైపు చేసి చూపిస్తే, ఆ పేరు కింద వేలు పెట్టి భార్యను పిలిచారు.

"స్పెల్లింగ్ సరిగ్గనే ఉందా చూడు."

"ఉన్నది, ఉన్నది," అన్నారు ఆపా కళ్లజోడు సవరించుకుంటూ.

ఆ తర్వాత ఆయన చాలా అక్షరాలు దిద్దారు. మౌస్ మాత్రం ముట్టుకోలేదు. అది నా పనే. కొన్నేళ్లకు మావారికి బదిలీ అయింది. బడిలో ఆఖరి రోజున సెలవు తీసుకుందామని ల్యాబ్‌లోకి వెళ్తే ఆయన కాఫ్ అనే అక్షరం ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"రైలు ఎన్నింటికి?"

"సాయంత్రమండీ."

"అయితే కూసో. ఇది అయినంక పోదువు."

కూర్చున్నాను. మధ్యాహ్నందాకా కాఫ్ పైగీత వంపు కుదరలేదు. కుదిరాక ఆయన దాన్ని కాసేపు చూసి, సేవ్ చెయ్యమని సైగ చేశారు.

"వచ్చే టీచరమ్మకు మౌస్ పట్టుడు మంచిగ వస్తదా?" అని అడిగారు.