నాయిన కుడిచెవి

మా ఇంట్లో రహస్యాలు ఉండేవి కావు. ఇదేదో మా గొప్పతనం అనుకోవద్దు. మా నాయినకు సరిగా వినపడదు, ఏం చెప్పినా అరిచి చెప్పాలి, అరిస్తే ఆయన కంటే ముందు గల్లీ వింటుంది. నేను పదో తరగతి లెక్కల్లో తప్పడం, తమ్ముడు సిగరెట్‌తో దొరకడం, అమ్మకు గర్భసంచి తీసేయాలని డాక్టరు చెప్పడం, అన్నీ మచ్చ బొల్లారంలో మా గల్లీ మొత్తానికి నాయినతో పాటే తెలిశాయి. ఒక్కోసారి ఆయనకు తెలియకముందే వాళ్ళకు తెలిసేవి. పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగిచూసి, "ఇంకోపాలి చెప్పు బిడ్డా, మీ నాయినకు ఇనవడలే" అనేది.

ఎంత అరిచినా నాయిన మొదటి జవాబు ఒకటే. "ఆఁ?" అని తల వంచి, కుడిచెవి మన నోటి దగ్గరకు తెచ్చేవాడు. మళ్ళీ చెప్పాలి. మళ్ళీ "ఆఁ?" అనేవాడు. మూడోసారికి ఆ మాట అంత ముఖ్యమైనది కాదేమో అని మనకే అనిపించేది. వినపడిందంటే మాత్రం నోరు మెదిపేవాడు కాదు, లేచి ఆ పని చూసుకునేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు గానీ, ఆ ఊదేవాళ్ళ అవస్థ మీద ఎవరూ సామెత కట్టలేదు. నిజం చెప్పాలంటే విసుగొచ్చేది. ప్రేమ ఉన్నచోట విసుగు ఉండదనేవాళ్ళు మా ఇంటికి వచ్చి, గ్యాస్ అయిపోయిందన్న ఒక్క మాట ఆయనకు చెప్పి చూడాల్సింది.

ఆయన ఫిరంగి దళంలో జవాను. డెబ్బై ఒకటి యుద్ధంలో పడమటి సరిహద్దున ఉన్నాడు. ఫిరంగిలో గుండు పెట్టడం ఆయన పని. ఆగస్టు పదిహేనున కాలనీవాళ్ళు జెండా ఎగరేయడానికి పిలిచి, యుద్ధం గురించి నాలుగు మాటలు చెప్పమని మైకు చేతికిస్తే, "మస్తు చప్పుడు" అని మైకు తిరిగి ఇచ్చేసేవాడు. నేను ఒకసారి అడిగాను, అప్పుడే చెవులు మూసుకుంటే సరిపోయేది కదా అని.

"మూసుకునేటోళ్ళు మూసుకుంటుండ్రి" అన్నాడు. "నా రెండు చేతులల్ల ఇంకో గుండు ఉంటుండె గద. దాన్నేడ పెట్టాలె?"

ఆయన నోటి నుంచి నేను విన్న యుద్ధమంతా ఇంతే.

ఎడమచెవి పూర్తిగా అక్కడే పోయింది. కుడిచెవిలో కాస్త మిగిలింది. ఆ కాస్తతోనే పెళ్ళి చేసుకున్నాడు, మమ్మల్ని పెంచాడు, పటాలం నుంచి వచ్చాక దూలపల్లిలో ఒక కంపెనీ గేటు దగ్గర కాపలా కాశాడు. ఎక్కడికి పోయినా అమ్మ, నేను, తమ్ముడు ముగ్గురం ఆయన కుడిపక్కన ఇరుకిరుగ్గా నడిచేవాళ్ళం. ఎడమపక్క ఎప్పుడూ ఖాళీ. మిలిటరీ దవాఖానలో చెవికి మిషన్ ఇచ్చారు. రెండు రోజులు పెట్టుకుని తీసేశాడు. కుక్కర్ విజిల్, లారీ హారన్, అమ్మ సణుగుడు అన్నీ ఒక్కసారే చెవిలో దూరుతున్నాయట. "గీ మిషన్ కన్న మీ నోళ్ళే నయం" అన్నాడు. ఆ తర్వాత మా నోళ్ళకు సెలవు దొరకలేదు.

వినపడనివాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో కూడా తెలియదు. నా పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ ఎదురుగా కూర్చుని నాయిన అమ్మ చెవిలో గుసగుసగా చెప్పాననుకుని, "పిలగాడు మంచిగనే ఉన్నడు గని, ఆళ్ళమ్మ జర గయ్యాళి లెక్క కొడ్తాంది" అన్నాడు. వీధి చివర కిరాణా కొట్టు దాకా వినపడింది. కాబోయే అత్తగారు లేచి నిలబడింది. నాయినకు ఆమె ఎందుకు లేచిందో అర్థం కాక, ఇంకో రెండు మిరపకాయ బజ్జీలు ఆమె ప్లేటులో వేశాడు. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి పెళ్ళి జరిగింది. అత్తగారు ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు.

మేడ్చల్‌లో నేను పనిచేసే ఆఫీసులో నా గొంతు వింటేనే జనం వరుసలో నిలబడతారు. రెండేళ్ళ కిందట ఆ గొంతు బొంగురుపోతే డాక్టరు చూసి, లోపల చిన్న చిన్న గడ్డలున్నాయన్నాడు. "టీచరా అమ్మా?" అని అడిగాడు. "కాదు సార్, మా నాయినకు వినపడదు" అన్నాను. ఆయన చీటీ మీద మాట తగ్గించమని రాసిచ్చాడు.

పోయిన శ్రావణంలో నాలుగు రోజుల జ్వరంతో నాయిన పోయాడు.

మా వైపు దింపుడు కళ్ళం అని ఒకటుంది. శ్మశానానికి పోయే దారిలో పాడెను ఒకచోట దించి, పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పిలుస్తారు. కొసప్రాణం ఎక్కడన్నా ఉంటే పలుకుతారని ఆశ. ఎవరూ పలకరు. అయినా పిలుస్తారు. ఆడవాళ్ళం అక్కడిదాకా పోయి వెనక్కి తిరుగుతాం. ఆ రోజు పాడె దించిన చోట కుడిపక్కన మురుగు మోరీ కోసం జేసీబీతో తవ్విన గుంత ఉంది, దాని నిండా వాన నీళ్ళు. అటువైపు నిలబడే జాగా లేదు. తమ్ముడు ఎడమపక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమచెవిలో "నాయినా" అని పిలిచాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పూడుకుపోయింది, పక్కనే ఉన్న నాకే ఆ పిలుపు సరిగా వినపడలేదు. మూడుసార్లూ అంతే. పాడె లేచింది, డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. అమ్మ ఒక్కతే చూసింది. "గా చెవి గాదు బిడ్డా, గా చెవి గాదు" అని చెయ్యి చాపింది. ఇన్నేళ్ళూ గల్లీకంతా వినపడేట్టు మాట్లాడిన అమ్మ మాట ఆ డప్పుల్లో పాడె మోసేవాళ్ళకు చేరలేదు.

దినాలయ్యాక అమ్మను కండ్లకోయలో మా ఫ్లాటుకు తెచ్చుకున్నాను. పొద్దున లేస్తే ఆమెకు అదొక్కటే.

"ఎడమ చెవిల పిలిచిండ్రు బిడ్డా."

"కుడి చెవిల పిలిచినా పలికేటోడు కాదమ్మా. అప్పటికే పోయిండు గద."

"పలుకడు. నాకు ఎర్కలేదా? గని పిలిచినట్టు ఆయనకు ఎర్కుండాలె. అందరం ఉండి ఎవ్వలం పిలువలేదనుకోని పోయిండు."

తమ్ముడికి చెప్తే ఫోన్‌లోనే ఏడ్చాడు, "అక్కా, నాకు యాదికే రాలే" అన్నాడు. వాణ్ణి ఏమనగలను. అమ్మ మాత్రం చుట్టాలందరికీ ఫోన్ చేసి, బాల్కనీలో నిలబడి, పాత గల్లీలో అరిచినట్టే ఈ సంగతి చెప్పుకొనేది. ఎదురుగా కాలేజీ బస్సులు ఎక్కే పిల్లలు తలెత్తి చూసేవాళ్ళు.

మా కింద ఫ్లాటులో కోస్తా వైపు నుంచి వచ్చిన ఉద్యోగస్తులు ఉంటారు. భర్తది ఇంటి నుంచే ఉద్యోగం. ఒక సాయంత్రం ఆవిడ గిన్నెలో పులిహోర పట్టుకొచ్చింది. "ఏమీ అనుకోకండి. పెద్దావిడ బాధలో ఉన్నారని తెలుసు. కానీ మీటింగుల్లో ఆవిడ గొంతు వినిపిస్తోందండీ. ఎడమచెవికి ఏమైందని మా ఆయన ఆఫీసు వాళ్ళు అడుగుతున్నారట" అంది. చాలా మర్యాదగానే అంది. మామూలు రోజుల్లో అయితే పడీపడీ నవ్వేదాన్నే. అప్పటికి ఆఫీసు, అమ్మ, ఇల్లు అన్నీ కలిసి నన్ను పిండేస్తున్నాయి. ఆవిడ పోయాక, "జర మెల్లగ మాట్లాడమ్మా, ఇది మన గల్లీ గాదు" అన్నాను.

అమ్మకు కోపం రాలేదు. తలూపింది. మర్నాటి నుంచి మాట్లాడటం మానేసింది. మెల్లగా మాట్లాడటం ఆమెకు రాదు. పెళ్ళైన నాటి నుంచి వాడింది ఒకటే గొంతు, అది వద్దంటే ఇంకొకటి ఎక్కడి నుంచి తెస్తుంది? అన్నం కావాలంటే చేత్తో చూపేది, వద్దంటే తల అడ్డంగా ఊపేది. ఫోన్ మోగితే నాకిచ్చేది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే ఎంత హాయి అని చిన్నప్పటి నుంచీ అనుకున్నదాన్ని. తీరా ఆ నిశ్శబ్దం ఇంట్లోకి వచ్చాక, ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీయకుండా బయటే నిలబడేదాన్ని. నా గొంతు మాత్రం మందులు వాడకుండానే నయమైంది.

నాయిన అస్థికలు బాసరలో కలపాలని తమ్ముడు అన్నాడు గానీ, అప్పుడు ఎవరికీ అంత దూరం పోయే ఓపిక లేక శామీర్‌పేట చెరువులో కలిపాం. అందుకే నెల మాసికం నాడు కూడా అక్కడికే పోయాం. వానలకు చెరువు నిండుగా ఉంది. గట్టు మీద మక్కకంకులు కాల్చేవాళ్ళు, ఫోన్లు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్ళు, పెళ్ళి కాబోయే ఒక జంటను అటు తిప్పి ఇటు తిప్పి ఫోటోలు తీసే మనుషులు. తమ్ముడు నీళ్ళు వదిలి పైకొచ్చాడు. అమ్మ కిందే నిలబడింది. ఆమె కళ్ళు నీళ్ళ మీద ఉన్నాయి, పెదాలు కదులుతున్నాయి, గొంతు మాత్రం రావడం లేదు.

పక్కకు పోయి, "అమ్మా, గీడ కింద ఎవ్వలిల్లు లేదు. పిలువు" అన్నాను.

నన్నూ, గట్టు మీది జనాన్నీ చూసింది. చాలా రోజులకు నోరు తెరిచి, "అందరున్నరు" అంది.

"ఉండనియ్."

అమ్మ కొంగు సర్దుకుంది. నీళ్ళకు కాస్త కుడివైపుగా జరిగింది. మచ్చ బొల్లారంలో బువ్వకు పిలిచినట్టే పిలిచింది.

"ఇగో. ఇంటున్నవా. నేను పిలుస్తున్న."

ఫోటోలు తీసే అతను కెమెరా దించేశాడు. కంకులు కాల్చే ఆమె విసనకర్ర ఆపింది. అమ్మ రెండోసారి పిలిచింది. మూడోసారి ఇంకా గట్టిగా పిలిచింది. తర్వాత నాయిన వంచినట్టే తల పక్కకు వంచి చాలాసేపు నిలబడింది. చెరువు వైపు నుంచి ఏ చప్పుడూ రాలేదు. నేను ఆమె భుజం మీద చెయ్యి వేయబోయాను.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని నావైపు తిరిగింది. "ఇన్నడు" అంది.

"ఎట్ల చెప్తున్నవమ్మా?"

"ఇనకుంటే 'ఆఁ' అంటుండె గద" అంది అమ్మ, గట్టు మీదున్న వాళ్ళందరికీ వినపడేట్టు.